ఏడో ఫారం

నా తలలో ఆగకుండా మోగుతున్న పాటకు మందేమైనా రాశారేమోనని నర్సుల చేతిపుస్తకం తెరిస్తే, తొంభై ఆరో పేజీ పక్కన నూట పదమూడో పేజీ ఉంది.

పేజీలు అంటుకున్నాయేమోనని గోటితో విడదీసి చూశాను. అంటుకోలేదు. లేవు. సూచికలో మాత్రం "చెవుల్లో మోత, లేని చప్పుళ్ళు వినపడటం: 104" అని దర్జాగా ఉంది. మోకాలి మీది టిఫిన్ డబ్బా మూత జారి, గచ్చు మీద గిరగిరా తిరిగి తిరిగి ఆగింది. పాట ఆగలేదు. తలుపు తీస్తే గాలి వచ్చె, గాలి వెంట వాన వచ్చె. పదహారు పేజీలు మాయం. చింపిన ఆనవాలు లేదు, కుట్టు తెగలేదు, అంటే ఎవరో తీసింది కాదు, పుట్టుకలోనే లేదు. పదహారు పేజీలంటే మా బైండింగ్ వాళ్ళ భాషలో ఒక ఫారం, ఒక పెద్ద కాగితాన్ని మూడు మడతలు వేస్తే వచ్చే కట్ట. ఈ పుస్తకానికి అలాంటివి ఎనిమిది. పొడవాటి బల్ల మీద ఎనిమిది కుప్పలు పేర్చుకుని, బల్ల వెంట నడుస్తూ కుప్పకొకటి చొప్పున ఏరి, వరస తప్పకుండా ఒక పుస్తకంగా కూర్చడం ఈ షాపులో ఒక్కరి పని. ఆ ఒక్కరూ నేనే. దొంగ ఎవరని వెతకడానికి అద్దం ఉంటే చాలు.

ఏడో ఫారంలో ఏముందో నాకు కంఠతా వచ్చు, మడతలు పెట్టినప్పుడే చదివాను, పసిపిల్లలకు ఏ మందు ఎన్ని చుక్కలు, పొరపాటున విషం మింగితే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి. రేపు పొద్దున ఆరువందల మంది కొత్త నర్సులు ఈ పుస్తకం జేబులో పెట్టుకుని వార్డుల్లోకి అడుగు పెడతారు. ఎవరో ఒక పిల్ల, పందొమ్మిదేళ్ళది, గబగబా నూట రెండో పేజీ కోసం తిప్పుతుంది. వీధి తడిసి వాకిలి తడిసె, వాకిలి తడిసి పాదం జారె. నోర్ముయ్. గోడ గడియారం ఒంటిగంట అయిదు చూపిస్తోంది. రెండింటికి వదిన వ్యాను తీసుకుని వస్తుంది.

వదినంటే మా ఆయన అక్క, ఈ షాపు యజమాని, మాటకు ముందు గడియారం చూసుకునే మనిషి. నెల రోజులుగా ఆవిడ బల్ల ముందు నిలబడినప్పుడల్లా బల్లను కాక బల్ల ఉన్న చోటును చూస్తోంది. అక్కడ ఫారాలు కూర్చే మిషన్ పెడితే ఎంత బాగుంటుందోనని. "మనుషుల తలలు నమ్ముకుని వ్యాపారం చేసే రోజులు పోయాయమ్మా" అంది. "మిషన్‌కి కునుకు రాదు, కబుర్లు రావు." నాకు పౌరుషం వచ్చింది. "నా తల తప్పు చేయదు వదినా" అన్నాను. "అయితే ఈ నర్సుల ఆర్డరే పరీక్ష. ఒక్క పుస్తకం, ఒక్కటంటే ఒక్కటి తప్పొచ్చినా, బల్ల లేపేస్తాను. నువ్వు అట్టలు అతికించుకో." నేను తలూపాను. పెద్ద వీరనారిలాగా. ఇప్పుడు ఆ ఒక్కటి నా ఒళ్ళో ఉంది.

ఒక్కటేనా?

లేచి బల్ల దగ్గరికి పరుగెత్తాను. నిన్న సాయంత్రం పని అయ్యేసరికి ఏడు కుప్పలు నున్నగా అయిపోయాయి, ఏడో స్థానంలో మాత్రం కొన్ని మిగిలాయి. ప్రెస్సువాడు చేయి జారి ఎక్కువ కొట్టాడులే అనుకున్నాను. ప్రెస్సువాడు ఎప్పుడైనా ఎక్కువ కొట్టాడా? వాడి చేయి జారితే తక్కువ వైపే జారుతుంది, ఇన్నేళ్ళలో నాకు ఆమాత్రం తెలియదా? తెలుసు. అయినా అనుకున్నాను, ఎందుకంటే అలా అనుకుంటే ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇప్పుడు లెక్కపెట్టాను. నలభై మూడు. అంటే ఏడో ఫారం లేని పుస్తకాలు నలభై మూడు, ఆరువందల్లో ఎక్కడో, కుట్టేసి, అట్ట వేసేసి, అంచులు కోసేసి, అన్నీ కవల పిల్లల్లా ఒకే ముఖంతో నన్ను చూస్తున్నాయి. ఒక్కొక్కటీ తెరిచి పేజీలు తిప్పుతూ కూర్చుంటే చీకటి పడుతుంది. జిగురు పొడి తూచే కాటా కంటపడింది. పదహారు పేజీలకు బరువుండదూ? ఒళ్ళోది పెట్టాను, నూట ముప్పై అయిదు గ్రాములు. కట్టలోంచి ఇంకోటి తీసి పెట్టాను, నూట యాభై రెండు. పెట్టు, చూడు, తియ్యి. పుస్తకానికి నాలుగు సెకన్లు. గంటలోపే అవుతుంది. చేతులు ఖాళీ లేవు కానీ తల ఖాళీయే, తల ఖాళీగా ఉంటే అద్దెకు దిగేది ఎవరో తెలిసిందే. తలుపు తీస్తే గాలి వచ్చె. నూట యాభై రెండు. గాలి వెంట వాన వచ్చె. నూట యాభై రెండు.

నాకిది కొత్త కాదు. చిన్నప్పుడు లెక్కల పరీక్షలో ఒక సబ్బు ప్రకటన పాట తలలో దూరింది. రెండు గంటల సేపు నురగే నురగ, ముప్పై అయిదు మార్కులకు తేలాను. మా అమ్మ "సబ్బుతో తోమినా నీ బుర్ర మెరవదే" అంది. పెద్దయ్యాక తెలిసింది, అందరికీ ఉంటుందట, కొందరికి మాత్రం తలుపు గడియ ఉంటుంది, నాకు ఆ గడియ పెట్టకుండా పంపారు. బస్సు హారన్, లిఫ్టు గంట, పక్కింటావిడ కుక్కర్ ఈల, ఏది పడితే అది వచ్చి కూర్చుని రాగం తీస్తుంది. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు, రోజంతా హారన్లు విని ఇంటికొస్తే నేను అదే హారన్ కూనిరాగం తీస్తుంటాను. "నన్ను డిపోలోనే పడుకోనివ్వకూడదూ" అంటాడు. నూట యాభై ఒకటి. తేమ. ఫర్వాలేదు. నూట యాభై రెండు.

నూట ముప్పై అయిదు. దొరికింది ఒకటి. పక్కన పెట్టాను.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. అత్తయ్య పోయిన రోజు ఆసుపత్రి వరండాలో, డాక్టరు బయటికి వచ్చి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నప్పుడు, వదిన గోడకు జారబడి కూర్చుండిపోయినప్పుడు, నా తలలో పళ్ళపొడి ప్రకటన పాట మోగుతోంది. మిలమిల, తళతళ. ఏడుస్తున్నాను, నిజంగానే ఏడుస్తున్నాను, ఆ ఏడుపు కింద తాళం వేస్తున్నట్టు మిలమిల తళతళ. ఇదేం తల, ఇదేం మనిషిని నేను అనుకున్నాను. పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచి నా తలంటే నాకే కొంచెం అనుమానం. ఇవాళ ఆ పుస్తకం తెరిచింది కూడా అందుకే, చెవిలో మోతకని కాదు, నా తలలో ఏదో చెడిపోతోందని. చెడిపోయిందని ఇప్పుడు కాటా మీద రుజువు కూడా దొరికింది. నూట ముప్పై అయిదు. ఇంకోటి. నూట ముప్పై అయిదు. వెంటనే ఇంకోటి.

అత్తయ్యకు ఈ జబ్బు సంగతి చెప్తే నవ్వింది. అది జబ్బు కాదు, అదే పనిముట్టు అంది. కొత్తగా ఈ ఇంటికొచ్చి బల్ల దగ్గర నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఫారాలు ఏరుతుంటే, నా చేతి మీద మెల్లగా కొట్టింది. "లెక్కపెట్టకు. లెక్కపెట్టేవాళ్ళను ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది. పాడుకునేవాళ్ళను పలకరిస్తే పాట పోదు, కాసేపు ఆగి అక్కడినుంచే నడుస్తుంది." ఆవిడా మామయ్యా కలిసి కట్టుకున్న పాట అది. పుస్తకంలో ఎనిమిది ఫారాలుంటే ఎనిమిది వరసలు, ఎక్కువుంటే మధ్యలో వాననో వీధినో పొడిగించేవాళ్ళు. బల్లకు అటువైపు ఒక ఎనిమిది కుప్పలు, ఇటువైపు ఒక ఎనిమిది, ఆవిడ అటు, ఆయన ఇటు, ఎదురెదురుగా అడుగులేస్తూ, వరసకొక ఫారం, పాట అయ్యేసరికి ఇద్దరి చేతుల్లో రెండు పుస్తకాలు. నలభై ఏళ్ళు. ఈ గచ్చు చూడండి, బల్లకు రెండు వైపులా అరిగి నున్నబడింది. ఆవిడ పోయాక మామయ్య బల్ల దగ్గరికి రాలేదు. మాటలు కూడా మూడే మిగిలాయి ఆయన దగ్గర. ఊ. వద్దు. చాలు. కన్నకూతురైన వదిన పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి "ఎలా ఉంది నాన్నా" అని అడిగినా, ఊ. ఆవిడ ఆ గ్లాసు తీసుకుని మెట్లు దిగుతూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నేను చూసినట్టు ఆవిడ చూడలేదు.

వదిన మాత్రం పాడదు. ఎప్పుడూ పాడగా వినలేదు. "నోటితో పాట, చేత్తో పని, రెండూ సగం సగం" అంటుంది.

ఒంటిగంట ఇరవై అయిదు. పక్కన ఇరవై ఒకటి చేరాయి, తూచాల్సినవి సగానికి పైనే. అప్పుడు చూశాను నేను. మొదటి పావుగంటలోనే చూడాల్సింది. కట్టకు పాతిక పుస్తకాలు, ప్రతి కట్టలోనూ వదిన ఆజ్ఞ ప్రకారం ఒక చీటీ, ఏ రోజు, ఎన్నింటికి కూర్చిందో. నాలుగు రోజుల పని, రోజుకు ఆరు కట్టలు. చెడ్డవి చెల్లాచెదురుగా లేవు. తొమ్మిది మొదటి రోజు మొదటి కట్టలో. పన్నెండు రెండో రోజు మొదటి కట్టలో. చీటీల మీద నా చేతిరాతే, పొద్దున తొమ్మిది, పొద్దున తొమ్మిది. ఆ తర్వాతి కట్టలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. నా తల చెడిపోతే రోజంతా చెడిపోవాలి కదా. పొద్దున తొమ్మిదింటికి చెడి, పదింటికి బాగుపడే జబ్బు ఏ పుస్తకంలోనైనా ఉందా? తల తప్పు చేయలేదు. తలకు ఎవరో తప్పు నేర్పారు. రోజూ అదే వేళకు.

అయితే ఏం నేర్పారు? గట్టిగా పాడి చూశాను, ఖాళీ షాపులో, చేయి కాటా మీద ఆనించి. తలుపు తీస్తే గాలి వచ్చె, గాలి వెంట వాన వచ్చె, వాన వచ్చి వీధి తడిసె, వీధి తడిసి వాకిలి తడిసె, వాకిలి తడిసి పాదం జారె, పాదం జారితే పకపక నవ్వు, ఠంగ్, తలుపు మూస్తే పాట సరి. మళ్ళీ పాడాను, వేళ్ళు ముడుస్తూ. గాలి, వాన, వీధి, వాకిలి, పాదం, నవ్వు, తలుపు. ఏడు. ఏడే. ఎనిమిదుండాలి. పకపక నవ్వుకీ తలుపుకీ మధ్య ఏదో వరస ఉండేది, ఇప్పుడు అక్కడ ఠంగ్ అని ఒక చప్పుడు మాత్రం ఉంది, పదకొండు రోజులుగా ఉంది, నా తల తనంతట తాను పెట్టుకున్న తాళమనుకున్నాను. ఆ ఠంగ్ మీద నా కాళ్ళు ఒక అడుగు దాటేశాయి. నా చేయి ఏడో కుప్ప మీది నుంచి గాల్లో వెళ్ళిపోయింది. పదింటికల్లా నా పాట మళ్ళీ నాదై ఎనిమిది వరసలూ నడిచి ఉంటుంది, లేకపోతే ఆ కట్టలు అంత బాగుండవు. ఆ పోయిన వరస ఏమిటి? నాలుక చివర ఉంది. రాదు. పళ్ళు కొరికితే అసలు రాదు. వెతికితే పారిపోయేది పాటా, పిల్లీ. నూట యాభై రెండు. నూట యాభై రెండు.

పొద్దున తొమ్మిదింటికి ఈ షాపులో ఎవరుంటారు? కుట్టు పిన్ని. ఫారాలు కుట్టే మిషన్ మీద ఇరవై రెండేళ్ళుగా కూర్చున్న మనిషి, అందరికీ పిన్నే. ఆవిడ పాడుతుంది, కానీ ఆవిడకు భజన తప్ప ఇంకోటి రాదు, అది కూడా మిషన్ వేగాన్ని బట్టి. నాకు పాట ఆగడం లేదని చెప్తే "నీ తల రేడియోనా తల్లీ, వెనక మూత తీసి బ్యాటరీలు పీకెయ్" అంది. ఆవిడ కాదు. ఇవాళ కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి వెళ్ళింది, అందుకే నేను అరుగు మీద కబుర్లు లేకుండా ఒక్కదాన్నే కూర్చుని పుస్తకం తెరిచాను. చూడండి విధి ఎక్కడెక్కడ తిరుగుతుందో, పిన్ని కళ్ళద్దాల వల్ల నా కళ్ళు తెరుచుకున్నాయి. వదినా? వదిన తొమ్మిదింటికి ఫోన్లో ఉంటుంది. వదిన నోట్లోంచి పాట వస్తే అది పత్రికలో వేయాల్సిన వార్త. ఇంకెవరూ లేరు. మిషన్ గడగడ, ఫ్యాను, అంతే. నూట ముప్పై అయిదు. మూడో రోజు, మొదటి కట్ట. పదకొండు తేలాయి. నాలుగో రోజు మొదటి కట్ట లాక్కున్నాను, ఇక వరసగా తూచక్కర్లేదు కానీ తూచాను, పసిపిల్లల మందుల దగ్గర ఊహలు పనికిరావు, మిగిలిన కట్టలు కూడా ఒక్కటి వదలకుండా.

ఒంటిగంట నలభై ఎనిమిది. అన్నీ తూచేశాను. పక్కన పెట్టినవి లెక్కపెట్టాను. నలభై రెండు.

నలభై మూడు ఉండాలి. మళ్ళీ లెక్కపెట్టాను, నలభై రెండు. ఒకటి తప్పించుకుంది. ఆరువందల్లో ఒకటి, ఎక్కడో నూట యాభై రెండు గ్రాముల నటన చేస్తూ దాక్కుంది, రేపు ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల జేబులోకి వెళుతుంది. మళ్ళీ మొదటినుంచి తూచడానికి టైం లేదు. బల్ల కింద చూశాను, మిషన్ వెనక చూశాను, అట్టల గుట్ట ఎత్తి చూశాను, చివరికి కాటా వెనకే బోర్లా పడుకుని కనిపించింది, నేను మొట్టమొదట తెరిచిన పుస్తకం. నాలుగో రోజు కట్టలోంచి నేనే లాక్కున్నది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అక్కడే గచ్చు మీద కూలబడి నవ్వాను. ఒక్కదాన్నే, పకపకా, గుండె మీద చేయి వేసుకుని.

ఆ నవ్వులోంచే వచ్చింది. వెతకడం మానేశాను కదా, అందుకని వచ్చింది. అత్తయ్య గొంతుతో వచ్చింది, బల్లకు అటువైపు నుంచి, కొంచెం కొంటెగా. నవ్విన దొంగను నేనే నేనే. అదీ ఏడో వరస. ఆరు వరసలు మామయ్య పాడితే అది ఒక్కటీ ఆవిడ అందుకునేది, చివరిది ఇద్దరూ కలిసి. వర్షంలో జారిపడింది ఎవరో నవ్వింది ఎవరో ఆ వయసులో కూడా ఇద్దరూ చెప్పేవాళ్ళు కాదు, ఒకరినొకరు చూసుకుని ఫారాలు సర్దుకునేవాళ్ళు. ఆ వరస తిరిగి రాగానే, నా తలలో పాట, పదకొండు రోజుల తర్వాత, ఆగింది. ఊరికే, ఎవరో స్విచ్ కట్టేసినట్టు. షాపు ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది. మిషన్ లేదు, ఫ్యాను లేదు, ఫోన్లు లేవు.

పాట వినిపిస్తూనే ఉంది.

తలలో కాదు. చెక్క గోడ అవతల. చాలా నెమ్మదిగా, గొంతులోంచి కూడా కాదు, ఛాతీలోంచి. వాకిలి తడిసి పాదం జారె, పాదం జారితే పకపక నవ్వు. ఠంగ్. గరిటె గిన్నె అంచుకు తగిలిన చప్పుడు. తలుపు మూస్తే పాట సరి.

జిగురు గది. జిగురు కాచే మనిషి పని మానేసి వెళ్ళిపోయింది ఎప్పుడు? పన్నెండు రోజుల క్రితం. డబ్బా జిగురు తెప్పిస్తానంది వదిన. మర్నాడు పొద్దున మామయ్య ఎవరికీ చెప్పకుండా వెనక మెట్లు దిగి వచ్చి గిన్నె పొయ్యి మీద పెట్టారు, రోజూ తొమ్మిదింటికి కాచి, మధ్యాహ్నం వచ్చి గిన్నె కడిగి వెళతారు. "పోనీలే, కాళ్ళు కదులుతున్నాయి" అనుకున్నాం అందరం. గొంతు కదులుతోందని మిషన్ గడగడలో ఎవరికి వినిపిస్తుంది? చెవికి వినిపించలేదు. గడియ లేని తల కదా నాది, దాని కింద నుంచి దూరిపోయింది. పళ్ళపొడి పాటలు, హారన్లు, కుక్కర్ ఈలలు, ఏది వచ్చినా వద్దనలేని తల. ఆ తల పద్నాలుగు నెలల తర్వాత ఒక మనిషి నోరు విప్పితే అందరికంటే ముందు విన్నది. విని, ఆయన దాటేసిన చోట తానూ దాటేసింది. అంత నమ్మకంగా విన్నది. చెడిపోయిన తల అలా వింటుందా? మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను, కళ్ళు తడిసి వాకిలి తడిసె అని ఏదో పిచ్చి వరస పుట్టబోతే మింగేశాను.

బయట వ్యాను ఆగింది. రెండింటికి ఇంకా నాలుగు నిమిషాలు. వదిన చెప్పుల చప్పుడు, ముందు చూపు గడియారం మీద, తర్వాత నా మీద, తర్వాత విడిగా ఉన్న కుప్ప మీద.

"ఏమిటమ్మా అది విడిగా?"

అబద్ధాలు మూడు సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర. ప్రెస్సువాడి మీద ఒకటి, అట్టల మీద ఒకటి, తేమ మీద ఒకటి. "నలభై మూడింట్లో ఏడో ఫారం లేదు వదినా" అన్నాను. "కూర్చింది నేనే. మిగతా అయిదువందల యాభై ఏడూ ఒక్కొక్కటీ తూచాను, అవి బంగారం, పంపించెయ్యండి. ఇవి ఇవాళే విప్పి మళ్ళీ కూరుస్తాను. బల్ల సంగతి మీరన్నట్టే."

వదిన అరిస్తే బాగుండేది. కుప్పలోంచి ఒకటి తీసి తిప్పింది, తొంభై ఆరు, నూట పదమూడు. మూసింది. బల్ల మీద అరచేయి పెట్టింది, వాళ్ళమ్మ నిలబడే వైపు, అంచు అరిగిన చోట. "నీ తల తప్పు చేయదన్నావు కదే" అంది. కోపం కంటే అలసటే ఎక్కువ ఉంది ఆ మాటలో. "నేను కూడా నమ్మాను. ఏ మూలో నమ్మాను. మిషన్ వాడికి ఇంకా ఖాయం చెప్పలేదు తెలుసా."

"వద్దు."

ఇద్దరం తిరిగి చూశాం. జిగురు గది గుమ్మంలో మామయ్య, మోచేతుల దాకా తడి, చేతిలో గరిటె, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే మనిషిలా. ఆయన మూడు మాటల్లో ఒకటి అయిపోయిందనుకున్నాను. ఇక మెట్లెక్కి వెళ్ళిపోతారు. నేను నోరు తెరవబోయాను, ఆయన గరిటె ఎత్తి నన్ను ఆపారు. వదిన చేతిలో పుస్తకం అలాగే ఉంది.

"ఆ పిల్లను ఏమీ అనకు అమ్మలూ. అది కాదు, నేను. పొద్దున జిగురు కలుపుతూ పాడుతున్నాను. పాడదామని పాడలేదు, గిన్నె పొయ్యి మీద పెట్టగానే దానంతట అదే వచ్చేసింది, నేనేం చెయ్యను? ఏడోది మీ అమ్మది కదా. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను అనలేదు దాన్ని. అక్కడికొచ్చేసరికి బల్లకు అటువైపు నుంచి తనే అందుకునేది. ఇప్పుడు అక్కడికొస్తే అటువైపు ఎవరూ లేరు. అందుకని గరిటెతో ఒకటి కొట్టి దాటేస్తున్నాను. గోడ అవతల ఈ పిల్ల కాళ్ళు నాతోపాటు దాటుతున్నాయని నాకేం తెలుసు? ఇప్పుడు మీ మాటలు వింటే తెలిసింది. బల్ల ఉంచుతావో తీస్తావో నీ ఇష్టం, యజమానివి నువ్వు. ఈ నలభై మూడూ మాత్రం నేను విప్పుతాను, నేనే కూరుస్తాను, ఇటువైపు నిలబడి. నువ్వు అటువైపు నిలబడు. ఊరికే నిలబడితే చాలదు, ఏడోదాని దగ్గర అందుకో. రాదని చెప్పకు, చిన్నప్పుడు బల్ల కింద కూర్చుని అచ్చం మీ అమ్మ గొంతుతో అనేదానివి. జారిపడింది నేనమ్మా, నవ్వింది తను. ఆ వరస నేను పాడితే అబద్ధమవుతుంది."